ఊరికి ఉరుము, తనకు మౌనం

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. వచ్చాడన్న సంగతి కాలింగ్ బెల్ చెప్పలేదు, రెండు వీధుల అవతల నుంచే వాడి కారు చెప్పింది. వంటింట్లో అలమారా అద్దాలు గలగలలాడాయి. ఎదురింటి పసిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకుంది. వీధికుక్కలు కచేరీ మొదలుపెట్టాయి. వాడు మాత్రం తాపీగా సోఫాలో కూలబడి, కాఫీ గ్లాసు అందుకుని, నుదురు రుద్దుకుంటూ అన్నాడు:

"మావయ్యా, కారులో అరగంట కూర్చుంటే తల దిమ్మెక్కిపోతోంది. లోపల సౌండ్ తగ్గాలంటే ఏ కంపెనీ మ్యాట్ వేయించమంటావు?"

నేను ముప్పై ఏళ్లు డబ్బింగ్ థియేటర్లలో సౌండు పని చేసి బతికినవాణ్ణి. శబ్దాన్ని ఎలా ఆపాలో, ఎక్కడ ఆగదో నాకు కొంచెం తెలుసు. అందుకే అడిగాడు. వాడి ప్రశ్న మళ్లీ ఒకసారి చదవండి. బయట తగ్గించే మార్గం అడగలేదు. లోపల తగ్గించే మార్గం అడిగాడు. పక్కింటివాళ్ల గోడలు అదిరితే ఫర్వాలేదు, తన తల అదరకూడదు. ఊరంతటికీ ఉరుము పంచి, తను మాత్రం దూదిపరుపుల మధ్య కూర్చోవాలి. ఆ రోజు నేను వాణ్ణి తిట్టిన తిట్లు అచ్చులో పెట్టలేను. అచ్చులో పెట్టగలిగినవే ఇక్కడ రాస్తున్నాను.

కారు రెండు తలుపులది. జర్మనీ సరుకు, నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు దాని గొంతు మర్యాదగానే ఉండేది. ఆర్నెల్లు తిరక్కుండా వాడికి ఆ మర్యాద అవమానమనిపించింది. ఊరి చివర ఒక గ్యారేజీలో లక్షన్నర పోసి కంపెనీ సైలెన్సర్ ఊడదీయించి, తళతళలాడే స్టీలు గొట్టం బిగించుకొచ్చాడు. వారం రోజులు వీడియోలు తీసి స్నేహితులకు పంపుకున్నాడు. రెండో వారం తలనొప్పి మొదలైంది. నాలుగో వారం అదే గ్యారేజీవాడు "డ్రోన్ వస్తుంది సార్, డ్యాంపింగ్ చేయిద్దాం" అన్నాడు. తలుపుల్లో, డిక్కీలో, నేల మీద, చక్రాల గూళ్లలో నల్లటి రబ్బరు పలకలు అతికించాడు. ఇంకో నలభై వేలు. తలనొప్పి అలాగే ఉంది. రోగాన్ని అంటించినవాడే మందూ అమ్మాడు, ఆ మందూ పనిచేయలేదు.

అసలు మన భాషలో జరిగిన వింత చూడండి. సైలెన్సర్ అంటే నోరు మూయించేది. 1897లో అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణంలో రీవ్స్ సోదరులు ఇంజను చప్పుడు అణచే పరికరానికి పేటెంట్ తీసుకున్నారు. మోటారుబండి పుట్టీపుట్టగానే మనుషులు చేసిన మొదటి పనుల్లో దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టడం ఒకటి. నూట పాతికేళ్లు దాటాక మన కుర్రాడు "సైలెన్సర్ మార్పించా" అంటే, అర్థం ఆ చెయ్యి తీసేశానని. ఈ మాట ఇంత నిలువునా తలకిందులైనా ఎవరికీ నవ్వు కూడా రాదు.

సరే, ఆ రోజు వాడితో పాటు కారెక్కాను. ఔటర్ రింగు రోడ్డు మీదకు వెళ్లాం. వంద దగ్గర స్పీడు నిలిపి, మీటరు చూడమన్నాను. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతోంది. సరిగ్గా అక్కడ మొదలైంది, గ్యారేజీవాడు డ్రోన్ అన్న ఆ బూమ్. చప్పుడు అనడానికి వీల్లేదు, చెవిలోకి ఎవరో బొటనవేలు పెట్టి ఒత్తుతున్నట్టు ఉంటుంది. ఇంకో పది కిలోమీటర్లు వేగం పెంచితే తగ్గింది. మళ్లీ వందకు రాగానే పట్టుకుంది.

ఇది దయ్యం కాదు, గుణకారం. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుడు జరుగుతుంది. 2,400 చుట్లంటే నిమిషానికి 4,800 పేలుళ్లు, సెకనుకు 80. అంటే 80 హెర్ట్జ్ స్వరం. గాలిలో దాని అల పొడవు పద్నాలుగు అడుగులు. అందులో సగం ఏడు అడుగులు. ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా టేపు పెట్టి కొలిచి చూడండి, చిన్న కార్లలో ఇంచుమించు అంతే వస్తుంది. అంటే ఆ గొట్టం పాడే శ్రుతి, కారు లోపలి గాలి తనంతట తాను మోగే శ్రుతి ఒకటైపోయాయి. వేణువులో ఊదినట్టు వాడి కారులో వాడే ఊదుకుంటున్నాడు, ఆ వేణువు లోపల వాడే కూర్చున్నాడు. కంపెనీ ఇంజనీరు ఇది ముందే లెక్కగట్టి, పాత సైలెన్సర్ డబ్బాలో గదులు, అడ్డుగోడలు పెట్టి, సరిగ్గా ఈ స్వరాన్నే అక్కడ చంపి పెట్టాడు. కొత్త గొట్టంలో అవేమీ లేవు. చిల్లుల గొట్టం, దాని చుట్టూ గాజుపీచు, అంతే. ఆ పీచు కీచుమనే పై స్వరాలను మింగుతుంది. కింది స్వరాలు దాన్ని పట్టించుకోవు. పైగా ఆ వేడికి, ఆ పొగ తోపుడికి కొన్నేళ్లలో పీచు కాలి ఎగిరిపోతుంది, గొట్టం ఇంకా బరితెగిస్తుంది.

మరి రబ్బరు మ్యాట్లు? అవి రేకు వణుకును ఆపుతాయి. తలుపు తడితే డొల్లగా మోగేది, మ్యాట్ వేశాక ధడ్ అని బరువుగా మోగుతుంది. షోరూములో ఈ తట్టుడే చూపించి అమ్ముతారు. గాలిలో ఈదుకుంటూ వచ్చే 80 హెర్ట్జ్ అలను ఆపడానికి అవి పుట్టలేదు. స్పాంజితోనో దూదితోనో ఆ అలను పీల్చాలంటే మందం దాని పొడవులో నాలుగో వంతు ఉండాలి, అంటే మూడున్నర అడుగులు. కారులో మనిషి కూర్చోవడానికి చోటుండదు. బరువుతో ఆపుదామా అంటే, గోడ బరువు రెట్టింపు చేసిన ప్రతిసారీ లెక్క ప్రకారం దక్కేది ఆరు డెసిబెల్స్. స్వరం ఒక స్థాయి కిందికి దిగితే ఆ ఆరూ మళ్లీ చేజారతాయి. డబ్బింగ్ థియేటర్ కట్టేటప్పుడు మేం గోడ లోపల ఇంకో గోడ, మధ్యలో గాలి వదిలి ఎందుకు కట్టేవాళ్లమనుకుంటున్నారు? బయట లారీ పోతే హీరోయిన్ ఏడుపులోకి ఆ గుర్రు దిగబడకూడదని. అంత చేసినా ఒక్కోసారి దిగబడేది. దీనికి తోడు కారు చుట్టూ అద్దాలే. అద్దానికి మ్యాట్ అతికిస్తావా?

వాడు ఇంకో విషయం గర్వంగా చెప్పుకునేవాడు. కొత్త గొట్టం పాతదానికన్నా ఎనిమిది కిలోలు తేలికట, కారు చురుగ్గా ఉందట. ఆ ఎనిమిది కిలోలు దింపి, పాతిక కిలోల రబ్బరు ఎక్కించాడు! ఎలుక తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది. సామెతలో ఎలుక కూడా డోలు మోగించి చెవుల్లో దూది పెట్టుకోలేదు.

ఇప్పుడు నా కోపం అసలు ఎక్కడుందో చెబుతాను. చెవికి ఆరడుగుల దూరంలో, నాలుగు వైపులా రేకు, కార్పెట్, పాతిక కిలోల రబ్బరు, నలభై వేల రూపాయల ఖర్చు, ఇన్ని అడ్డం పెట్టినా నువ్వు ఆపలేని స్వరం అది. రాత్రి పదకొండున్నరకు నువ్వు వీధిలోంచి పోతుంటే, సింగిల్ ఇటుక గోడ, గాలి కోసం తెరిచిపెట్టిన దోమల జాలీ కిటికీ ఉన్న రెండో అంతస్తులో గుండె ఆపరేషన్ చేయించుకుని పడుకున్న ముసలాయన దాన్ని ఏం పెట్టి ఆపుతాడు? నీ మ్యాట్‌ను ఓడించిన భౌతికశాస్త్రమే ఆయన గోడనూ ఓడిస్తుంది. కింది స్వరం గోడల్ని, తలుపుల్ని లెక్కచేయదు. అందుకే పెళ్లి బ్యాండులో సన్నాయి నాలుగిళ్ల దాకా వినపడితే, డోలు ఊరి పొలిమేర దాకా వినపడుతుంది. నీకు తలనొప్పి వచ్చిందంటే నీ పీడ ఎంతటిదో నీకు రుచి తెలిసిందన్నమాట. తెలిశాక కూడా నీ ఒక్కడి వాటా తగ్గించుకోవడానికి మందు వెతకడం ఉందే, దాన్ని నేను క్షమించలేకపోతున్నాను. తెలియక చేసినవాడు మూర్ఖుడు. రుచి చూసి, ఊసేసి, మిగతాది పక్కవాడి కంచంలో వడ్డించేవాణ్ణి ఏమనాలి?

వాడు ఊరుకోలేదు. ఫోను తీసి శబ్దం కొలిచే యాప్ చూపించాడు. "చూడు మావయ్యా, డెబ్బై రెండే. నువ్వు మరీ ఎక్కువ చేస్తున్నావు."

ఆ డెబ్బై రెండు సంగతి వినండి. ఈ మీటర్లు మామూలుగా ఎ-వెయిటింగ్ అనే ఒక కొలమానంలో లెక్కిస్తాయి. కింది స్వరాలు మనిషి చెవికి తక్కువ వినపడతాయని, వాటిలోంచి ముందే కొంత కోత కోస్తాయి. 80 హెర్ట్జ్ దగ్గర ఆ కోత ఇరవై రెండు డెసిబెల్స్ పైమాటే. అంటే ఆ స్వరం ఒక్కటే ఉంటే, నిజంగా 94 ఉన్నదాన్ని 72 అని చూపిస్తుంది. ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు 1933లో చెవి తీరు కొలిచి గీసిన వంపుగీతల బాటలో వచ్చిన కొలమానం ఇది, అదీ మెల్లని శబ్దాలకు తగిన వంపు. గట్టి శబ్దాల దగ్గర చెవి అంత రాయితీ ఇవ్వదు, మీటరు మాత్రం ఇస్తూనే ఉంటుంది. మన చట్టాల్లో బండ్లకు పెట్టిన పరిమితులు ఈ కొలమానంలోనే రాసుకున్నారు కాబట్టి గుర్రుమనే గొట్టానికి ఎప్పుడూ కొంత లంచం ముందే ముట్టినట్టే.

ఆ రాయితీ పోను కూడా ఈ గొట్టాలు చట్టానికి లోబడవు. 2005 ఏప్రిల్ నుంచి మన దేశంలో ప్యాసింజర్ కారు ఫ్యాక్టరీ నుంచి బయటకు రావాలంటే పరీక్షలో 74 డెసిబెల్స్ దాటకూడదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా సగటు 45. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల మేర రాత్రి 40. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, శబ్ద ప్రమాణాలు మీరిన బండి నడిపితే మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సు రద్దు. యజమాని తన బండిని ఇష్టం వచ్చినట్టు మార్పిస్తే ఒక్కో మార్పుకు ఐదు వేలు, లేదా ఆరు నెలల దాకా జైలు. అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండి మార్చడం కుదరదని తేల్చింది. ఇన్ని ఉన్నాయి. మా వాడి గొట్టానికి ఒక రిమోట్ కూడా ఉంది. పోలీసు కనపడగానే మీట నొక్కితే లోపల ఒక రెక్క మూసుకుని కారు పిల్లిలా మ్యావ్ అంటుంది. మలుపు తిరిగాక మళ్లీ పులి. అప్పుడప్పుడు పేపర్లో ఫొటోలు వస్తుంటాయి, పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పరిచి రోడ్డు రోలర్ తొక్కిస్తుంటారు. నేను చూసినంతలో ఆ రోలర్ కింద నలిగేవి బుల్లెట్ కుర్రాళ్ల గొట్టాలే. కోటి రూపాయల కారు కింద గొట్టం ఒక్కటి ఆ వరసలో నాకు ఇంతవరకు కనపడలేదు. రిమోట్ ఉన్నవాడికి ఒక చట్టం, లేనివాడికి రోలర్.

"అయినా మావయ్యా, డీజేల సంగతేంటి? ఊరేగింపుల్లో టపాసుల సంగతేంటి? లారీ హారన్లు లేవా? నా ఒక్క కారే దొరికిందా?" ఈ ప్రశ్నలో ఉన్న నిజాన్ని నేను కాదనను. మన ఊళ్లలో శబ్దం చేయగలగడం ఒక హోదా. నాయకుడి కాన్వాయ్ నుంచి నవమి పందిరి దాకా ఎవడి మైకు పెద్దదైతే వాడే పెద్దమనిషి. కానీ డీజేవాడు కనీసం ఆ డీజే పక్కనే నిలబడి చెవులు పోగొట్టుకుంటాడు. నీలా లోపల రబ్బరు తొడుక్కోడు.

ఇక పాత పాట: గొట్టం మారిస్తే పవర్ పెరుగుతుంది. టర్బో ఇంజనులో పొగకు అసలు ఇరుకు టర్బో దగ్గరే ఉంటుంది. వెనక డబ్బా ఒక్కటి మార్చి, కంప్యూటరు ట్యూనింగ్ ముట్టుకోకుండా వచ్చే లాభం నీ పొట్ట రెండు కిలోలు తగ్గించినా వస్తుంది. ఇంకో పాట: చప్పుడుంటే ఎదుటివాడు జాగ్రత్తపడతాడు, అది భద్రత. గొట్టం మూతి వెనక్కి తిరిగి ఉందిరా నాయనా! నువ్వు గుద్దబోయేవాడు ముందున్నాడు.

మోటారు మీద ప్రేమ ఉన్నవాళ్లంతా ఇలాగే ఉంటారా అంటే లేదు. అమెరికాలో కాలిఫోర్నియాలో లగూనా సెకా అనే పేరున్న రేసు ట్రాకు ఉంది. అక్కడ కూడా చాలా రోజుల్లో శబ్దానికి హద్దు ఉంటుంది, మీటరు పెట్టి మరీ కొలుస్తారు, దాటితే జెండా ఊపి బయటికి పంపుతారు. రేసు కోసమే కట్టిన చోట, చుట్టూ ఉన్న ఊళ్ల కోసం! అక్కడి తెలివైనవాళ్లు కొందరు గొట్టం మూతిని మీటరుకు అవతలి పక్కకు తిప్పుకుంటారు, బుద్ధి ఎక్కడైనా బుద్ధే. న్యూయార్క్ కెమెరాకు మైకు తగిలించి, గొట్టాలు అరిచే కార్ల నంబర్లు పట్టుకుని, మొదటిసారికే 800 డాలర్లు వేస్తోంది. పారిస్‌లో మెడ్యూస్ అని పేరు పెట్టిన శబ్ద రాడార్‌ను 2022లో వీధి స్తంభానికి కట్టి పరీక్షించారు. మనకు అంత దూరం ఎందుకు? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటుతో నడిచే కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. హైదరాబాదు వీధుల్లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ కారు రేసు అదొక్కటే. ఆ కార్లకు సైలెన్సర్ లేదు, పొగగొట్టమే లేదు కాబట్టి. మా వాడు టికెట్ కొనుక్కుని వెళ్లి, చప్పట్లు కొట్టి, గొంతు పోగొట్టుకుని వచ్చాడు. వేగం చూసి ఒళ్లు పులకరించిందన్నాడు. వేగానికి అరుపుతో పనిలేదని ఆ రోజు వాడి కళ్లే చూశాయి.

కంపెనీలు ఈ చిక్కును ఎలా విప్పాయో చూస్తే మా వాడిలాంటివాళ్లు ఇంకా సిగ్గుపడాలి. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 కారులో లోపలికి ఇంజను చప్పుడు సరిగా వినపడటం లేదని, ఇంజను నడకకు తగ్గట్టు ఆ శబ్దాన్ని స్టీరియో స్పీకర్లలో వినిపించారు. కారు పిచ్చి ఉన్నవాళ్లంతా దొంగ శబ్దం, మోసం అని దుమ్మెత్తిపోశారు. నా మట్టుకు ఆ మధ్య కాలంలో మోటారు పరిశ్రమ చేసిన అతి మర్యాదైన పని అదే. ఇష్టపడి కొన్నవాడికి లోపల గర్జన, సంబంధం లేనివాడికి బయట నెమ్మది. మనవాళ్లు దాన్నే తిరగేసి కుట్టారు: బయట గర్జన, లోపల నెమ్మది. ఫోర్డు వాళ్ల కథ ఇంకా బాగుంటుంది. వాళ్ల ఇంజనీరు ఒకాయన ఇంటి నుంచి మస్టాంగ్ బయటికి తీస్తుంటే ఇరుగుపొరుగువాళ్లు పోలీసులను పిలిచారు. ఆయన వాళ్ల మీద విరుచుకుపడలేదు. తన కారు లోపలికి రబ్బరూ అతికించుకోలేదు. 2018 మోడల్‌లో, నువ్వు చెప్పిన గంటల్లో కారు మెల్లగా లేచే ఏర్పాటు వచ్చింది. 82 డెసిబెల్స్ ఉండే స్టార్టింగ్ మోత 72కు దిగింది. పది డెసిబెల్స్ అంటే మన చెవికి దాదాపు సగం. అదీ వీ8 ఇంజను కారు. పౌరుషం ఏమన్నా తగ్గిందా దానికి?

అన్నీ తిట్టాక వాడు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. "నువ్వు ఉపాయం చెబుతావని వస్తే క్లాసు పీకావు" అన్నాడు. తెలిసింది దాచడం నాకు చేతకాదు, చెప్పాను. ఉపాయం ఉంది. ఆ గొట్టం పక్కన, పొగదారికి కలుపుతూ, ఒక కొస మూసేసిన ఇంకో గొట్టం అతికించాలి. అందులోకి వెళ్లిన అల మూసిన కొసకు తగిలి వెనక్కొచ్చేసరికి అసలు అలకు సరిగ్గా ఎదురుపడి రెండూ చస్తాయి. పొడవు అల పొడవులో నాలుగో వంతు. పొగ వేడిగా ఉంటుంది కాబట్టి అందులో శబ్దం బయటి గాలిలో కంటే వేగంగా పోతుంది, ఆ లెక్కన 80 హెర్ట్జ్‌కు నాలుగున్నర అడుగులు రావచ్చు. దాన్ని వంచి కారు కింద ఇరికించడానికి మంచి వెల్డరు కావాలి. చేస్తే నీ వంద కిలోమీటర్ల బూమ్ పోతుంది. లోపలా పోతుంది, బయటా పోతుంది, ఎందుకంటే శబ్దం పుట్టేచోటే చచ్చింది కాబట్టి. అయితే అది చంపేది ఆ ఒక్క స్వరాన్నే. వీధి మలుపులో నువ్వు కాలు తొక్కినప్పుడు వచ్చే మిగతా అరుపంతా అలాగే ఉంటుంది.

"ఖర్చెంతవుతుంది?"

"ముప్పై, నలభై వేలు. ఇంకో ఉపాయానికి రూపాయి ఖర్చు లేదు."

"ఏంటది?"

"పాత సైలెన్సర్ ఏం చేశావు?"

కాసేపు పలకలేదు. గ్యారేజీవాడు దాన్ని తుక్కు కింద రెండు వేలకు అడిగితే, కారు అమ్మేటప్పుడు పనికొస్తుందని ఇవ్వలేదట. ఆర్టీఏ వాళ్ల ముందు కూడా అదే ఉండాలి కదా.

"అమ్మ గోనెసంచిలో చుట్టి మేడమెట్ల కింద పెట్టింది మావయ్యా. దాని మీద ఊరగాయ జాడీలు పెట్టుకుంది."

నేను లేచి చొక్కా తొడుక్కున్నాను. మా అక్కకు ఫోన్ చేసి, జాడీలు పక్కకు తీసి పెట్టమన్నాను.